బాస్ట్రాప్ స్టేట్ పార్కును కట్టిందెవరు?

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌కు ఆగ్నేయంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో బాస్ట్రాప్ అనే చిన్న పట్టణం ఉంది. దాన్ని ఆనుకొని ఉన్న స్టేట్ పార్కులో ఇసుకరాయితో కట్టిన కేబిన్లు, ఒక పెద్ద భోజనశాల, ఈతకొలను, పైన్ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ సాగే రోడ్డు కనిపిస్తాయి. గోడలు పునాది దగ్గర వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. తలుపుల మీద, దూలాల మీద చేతి పనిముట్ల జాడలు ఇప్పటికీ ఉన్నాయి. వీటిని 1930ల మహా మాంద్యంలో పని దొరకని యువకులు కట్టారని అక్కడికి వెళ్లిన ప్రతివారికీ తెలుస్తుంది. అయితే వారిని ఎంపిక చేసింది ఒక ప్రభుత్వ శాఖ, తిండీ బసా చూసింది మరొక శాఖ, ప్లాన్లు ఆమోదించింది ఇంకొక సంస్థ, నేల సమకూర్చింది స్థానికులూ రాష్ట్రమూ, రాయి చెక్కడం నేర్పింది చుట్టుపక్కల మేస్త్రీలు. ఈ పోగులను విడదీసి చూస్తే, పార్కు ఇంత అందంగా ఉండడానికి వాస్తుశిల్పుల అభిరుచి ఎంత కారణమో, ఒక ఉపాధి పథకం ఖర్చుల నియమాలు కూడా అంతే కారణమని నాకు అనిపిస్తుంది.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న అధ్యక్షపదవి చేపట్టేనాటికి అమెరికాలో పనిచేయగలవారిలో దాదాపు నాలుగోవంతు మందికి పని లేదు. బడి వదిలి ఉద్యోగాల కోసం తిరుగుతున్న యువకుల పరిస్థితి మరీ అన్యాయంగా ఉండేది, ఎందుకంటే ఉన్న కొద్దిపాటి పనులూ కుటుంబ భారం మోస్తున్న పెద్దవారికే ముందు దక్కేవి. ఇలాంటి యువకులను అడవి పనుల్లో పెట్టాలన్న ప్రతిపాదనను రూజ్‌వెల్ట్ మార్చి 21న అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసుకు పంపగా, మార్చి 31 నాటికే అది చట్టమైంది. ఏప్రిల్ 17న వర్జీనియా అడవుల్లో మొదటి శిబిరం తెరిచారు. ఆ వేసవి నడిమికి రెండున్నర లక్షల మందిని శిబిరాలకు చేర్చాలన్నది లక్ష్యం. సివిలియన్ కన్జర్వేషన్ కోర్, పొట్టిగా సీసీసీ, పుట్టుక ఇదే. 1942లో మూతపడేవరకు ఇందులో ముప్పై లక్షలకు అటూ ఇటూగా మనుషులు పనిచేశారు, 1935లో అత్యధికంగా ఒకేసారి ఐదు లక్షల మంది శిబిరాల్లో ఉన్నారు.

మాంద్యం కాలపు సహాయ పనులన్నిటినీ ఒకే పథకంగా భావించడం సర్వసాధారణమైన పొరపాటు, అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. 1933 నవంబరులో మొదలై కొద్ది నెలల్లోనే ముగిసిన సివిల్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్ ఒక్క చలికాలంలో సుమారు నలభై లక్షల మందికి పని చూపింది. 1935లో రూజ్‌వెల్ట్ సహచరుడు హ్యారీ హాప్కిన్స్ నాయకత్వంలో ఏర్పడిన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ (డబ్ల్యూపీఏ) పెద్దవారికి, ప్రధానంగా కుటుంబ పోషకులకు, పని ఇచ్చింది. ఆ కూలీలు తమ ఇళ్లలోనే ఉంటూ పనికి వెళ్లివచ్చేవారు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో రివర్ వాక్ అనే నది ఒడ్డు నడకదారి వారి పనే. సీసీసీలో చేరినవారు పెళ్లికాని యువకులు. మొదట వయసు పరిమితి 18 నుంచి 25 ఏళ్లు, ఆ తర్వాత ఆ పరిమితి పలుమార్లు మారింది. వీరు ఇల్లు విడిచి, రెండు వందల మంది చొప్పున కంపెనీలుగా, పని జరిగే చోటే శిబిరాల్లో ఉండేవారు. ఊళ్లకు దూరంగా ఉన్న అడవుల్లో, లోయల్లో స్టేట్ పార్కులు కట్టడం ఎక్కువగా సీసీసీ వంతుకు రావడానికి ఈ నివాస ఏర్పాటే ముఖ్య కారణం.

పరిపాలన మరింత చిక్కుముడి. సహాయం పొందుతున్న కుటుంబాల నుంచి యువకులను ఎంపిక చేసే బాధ్యత కార్మిక శాఖది, కింది స్థాయిలో ఆ పని స్థానిక సహాయ కార్యాలయాలు చేసేవి. వారికి వైద్య పరీక్షలు చేయించడం, బట్టలివ్వడం, రైలెక్కించడం, శిబిరం నడపడం సైన్యం పని. ఉదయం శిబిరం గేటు దాటి పనిస్థలానికి చేరిన తర్వాత వారిమీద అధికారం వ్యవసాయ శాఖకో, ప్రభుత్వ భూములు, ఉద్యానవనాలు చూసే అంతర్గత వ్యవహారాల శాఖకో చెందిన సాంకేతిక సిబ్బందికి మారేది. సాయంత్రం తిరిగివస్తే మళ్లీ సైనికాధికారి ఆజ్ఞలే. సైన్యం ప్రమేయం చూసి కార్మిక సంఘాలు ఆందోళన చెందాయి, నెలకు 30 డాలర్ల కూలీ మిగతా కార్మికుల వేతనాలను కిందికి లాగుతుందని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ నాయకుడు విలియం గ్రీన్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. ఆ భయాన్ని తగ్గించడానికే రూజ్‌వెల్ట్ మెషినిస్టుల సంఘం నాయకుడైన రాబర్ట్ ఫెక్నర్‌ను ఈ పథకానికి డైరెక్టరుగా నియమించాడు. శిబిరాల్లో ఆయుధాలు, కవాతు శిక్షణ ఉండవని కూడా నిర్ణయించారు.

ఇక స్టేట్ పార్కులు ఈ కథలోకి ఎలా వచ్చాయన్నది చూడాలి. జాతీయ ఉద్యానవనాలు కేంద్ర ప్రభుత్వానివి, స్టేట్ పార్కులు రాష్ట్రాలవి. 1933 నాటికి చాలా రాష్ట్రాలకు చెప్పుకోదగిన పార్కులే లేవు. టెక్సస్‌లో గవర్నర్ ప్యాట్ నెఫ్ చొరవతో 1923లోనే స్టేట్ పార్కుల బోర్డు ఏర్పడింది గానీ, దాతలు ఇచ్చిన చిన్నచిన్న స్థలాలు తప్ప బోర్డు చేతిలో నిధులు లేవు. సీసీసీ రాగానే, జాతీయ ఉద్యానవనాలను నడిపే కేంద్ర సంస్థ నేషనల్ పార్క్ సర్వీసు ఒక అవకాశాన్ని గుర్తించింది. రాష్ట్రం నేలను సంపాదించి తన పేర పెట్టుకుంటే, కూలీలనూ ప్లాన్లనూ పర్యవేక్షణనూ కేంద్రం సమకూరుస్తుంది. పార్క్ సర్వీసులో ఈ రాష్ట్రాల పనులు చూసే విభాగాన్ని కాన్రాడ్ వర్త్ నడిపాడు. టెక్సస్‌తో పాటు పొరుగు రాష్ట్రాల పనులను హెర్బర్ట్ మేయర్ అనే వాస్తుశిల్పి పర్యవేక్షించాడు. శిబిరం వస్తే స్థానిక వ్యాపారానికి ఊపిరి వస్తుందని గ్రహించిన చిన్న పట్టణాలు స్థలాల కోసం తామే ముందుకు వచ్చాయి. బాస్ట్రాప్ పార్కు నేలలో కొంత ఆ పట్టణం నుంచి, మిగతాది ప్రైవేటు యజమానుల నుంచి సమకూరింది. ఆ నేలకు ప్రత్యేకత కూడా ఉంది. తూర్పు టెక్సస్ పైన్ అడవులకు 160 కిలోమీటర్ల పడమరగా, వాటితో సంబంధం తెగిపోయి ఒంటరిగా మిగిలిన లోబ్లాలీ పైన్ చెట్ల తావు అది. స్థానికులు దాన్ని లాస్ట్ పైన్స్ అంటారు. 1805, 1811 సంఖ్యలు గల రెండు సీసీసీ కంపెనీలు అక్కడ దిగి పని మొదలుపెట్టాయి. పార్కు 1937లో ప్రజలకు తెరుచుకుంది.

ఈ మొత్తం ఏర్పాటులో అతి ముఖ్యమైన విషయం ఖర్చుల లెక్క. మామూలు కాంట్రాక్టరు కూలీ ఖర్చు తగ్గించుకోవడానికి యంత్రాలు తెస్తాడు, తయారైన సామగ్రి కొంటాడు, పని త్వరగా ముగిస్తాడు. సీసీసీలో ఈ తర్కం తలకిందులైంది. పథకం ఉద్దేశమే మనుషులకు పని కల్పించడం కాబట్టి కూలీలకు కొదవ లేదు. వారి జీతం, భోజనం, బస ఖర్చు పార్కు పద్దులోంచి రావు, సిమెంటు, ఇనుము, గాజు కొనడానికి మాత్రం చాలా తక్కువ డబ్బు ఉండేది. అలాంటప్పుడు దగ్గర్లోని కొండను తొలిచి రాయి తీయడం, దాన్ని చేత్తో చెక్కడం, అక్కడే దొరికిన చెట్టును కోసి దూలంగా మలచడం, తలుపు బందులను కూడా శిబిరపు కమ్మరి కొలిమిలోనే తయారుచేయడం అన్నిటికన్నా చౌక. ఒక గోడకు మూడు వారాలకు బదులు మూడు నెలలు పట్టినా పథకం దృష్టిలో అది నష్టం కాదు, పైగా అదే దాని పని.

ఈ పరిస్థితికి సరిగ్గా అతికే నిర్మాణ శైలి పార్క్ సర్వీసు దగ్గర అప్పటికే ఉంది. కట్టడం ఎత్తుగా నిలబడకుండా నేలను అంటిపెట్టుకొని ఉండాలి, రాళ్లు కావాలని పెద్దవిగా ఎంచుకోవాలి, వరసలు గీత గీసినట్టు ఉండకూడదు, దూరం నుంచి చూస్తే అడవిలో భాగంగా కనిపించాలి అని మేయర్ పట్టుబట్టేవాడు. అతడు అంతకుముందు ఎల్లోస్టోన్‌లో, గ్రాండ్ కాన్యన్‌లో మ్యూజియం భవనాలు ఆ విధంగానే కట్టించాడు. మంచి నమూనాల ఫోటోలను సంపుటాలుగా చేసి ప్రతి శిబిరానికీ పంపించేవారు. ఈ శైలిని సాధారణ మార్కెట్ కూలీతో అమలుచేస్తే ఖర్చు భరించడం కష్టం. అందువల్లే అది విస్తారంగా కనిపించేది ఆ తొమ్మిదేళ్ల కట్టడాల్లోనే.

బాస్ట్రాప్‌లో ఈ పనిని దగ్గరుండి నడిపించిన వాస్తుశిల్పి ఆర్థర్ ఫెర్, ఆస్టిన్‌వాడు, అప్పటికి ఇంకా ముప్పై ఏళ్ల ప్రాయంలో ఉన్నాడు. నమూనాలను యథాతథంగా దించకుండా అక్కడి వాలును, చెట్లను, రాయి రంగును చూసి కేబిన్లకు స్థలాలు ఎంచిన తీరు ఈనాటికీ నేర్చుకోదగినది. ఒక్కో కేబిన్ తన చోటును బట్టి ఒక్కోలా తిరిగి కూర్చుంటుంది. అంతకన్నా నన్ను ఆకట్టుకునేది అక్కడి వడ్రంగి కర్మాగారం. సెడార్, వాల్‌నట్ కలపతో బల్లలు, కుర్చీలు, మంచాలు చేయడం అక్కడ యువకులకు నేర్పారు. వారి చేతి నుంచి వచ్చిన సామాను బాస్ట్రాప్ కేబిన్లకే పరిమితం కాకుండా టెక్సస్‌లోని ఇతర పార్కులకు కూడా వెళ్లింది. ఎప్పుడూ చిత్రిక పట్టి ఎరగని పద్దెనిమిదేళ్ల కుర్రవాడు చేసిన కుర్చీలో ఈనాటికీ మనుషులు కూర్చుంటున్నారంటే, పని నేర్పడానికి తగిన సమయం దొరికితే ఏం సాధించవచ్చో దానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ నేర్పిన వారి గురించి మాట్లాడకపోతే లెక్క తప్పుతుంది. నగరాల నుంచీ పత్తి పొలాల నుంచీ వచ్చిన యువకులకు ఉలి పట్టడం రాదు. వారినే పెట్టి గోడ కట్టిస్తే అది నిలవదు. అందువల్ల ప్రతి శిబిరంలో స్థానికంగా అనుభవం ఉన్న కొద్దిమంది మనుషులను, వయసు, పెళ్లి నియమాలతో పనిలేకుండా, తీసుకునే వీలు కల్పించారు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కమ్మరులు, అడవి తెలిసిన రైతులు ఇలా చేరారు. బయటి ఊరి యువకులు దిగుతున్నారని, తమ పని పోతుందని చుట్టుపక్కల నిరుద్యోగులు కోపగించుకోకుండా చూడడం కూడా ఈ ఏర్పాటు ఉద్దేశాల్లో ఒకటి. రాళ్ల వరస ఎలా పేర్చాలి, సున్నం ఎంత గట్టిగా ఉండాలి, ఏ రాయి ముఖం బయటికి రావాలి అన్న జ్ఞానం ప్లాను కాగితంలో ఉండదు. అది ఈ మేస్త్రీల నోటిమాట ద్వారా, చేతి ద్వారా గోడల్లోకి చేరింది. ప్లాన్ల మీద వాస్తుశిల్పుల పేర్లు మిగిలాయి, ఈ మేస్త్రీలలో చాలామంది పేర్లు ఏ ఫలకం మీదా లేవు. అది నాకు బాధ కలిగిస్తుంది.

మన పాఠకులకు ఈ ఖర్చుల లెక్క కొత్తది కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకంలో కూడా కూలీ వాటా 60 శాతానికి తగ్గకూడదని, సామగ్రి వాటా 40 శాతం దాటకూడదని నియమం పెట్టారు. కాంట్రాక్టర్లకూ, వీలైనంతవరకు కూలీల పనిని తగ్గించే యంత్రాలకూ చోటివ్వకూడదన్న నియమం కూడా పెట్టారు. చెరువుల పూడికతీత, కందకాలు, మట్టి రోడ్ల వంటి పనులు ఎక్కువగా జరగడానికి ఆ నిష్పత్తి ఒక కారణం. తేడా కూడా అంతే ముఖ్యం. మన చట్టం పని అడిగే హక్కును ఇచ్చింది, సీసీసీలో అలాంటి హక్కు ఎవరికీ లేదు, ఎంపికైనవారికే చోటు. ఆరు నెలల చొప్పున చేర్చుకునేవారు, గరిష్ఠంగా మామూలుగా రెండేళ్ల వరకే కొనసాగనిచ్చేవారు.

కూలీ విషయానికి వస్తే, నెలకు వచ్చే 30 డాలర్లలో సుమారు 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లేవి. కుర్రవాడి చేతికి ఐదు డాలర్లు మిగిలేవి. ఈ నియమం వల్ల పథకం ప్రయోజనం శిబిరాల్లోని యువకులతో ఆగకుండా పట్టణాల్లో, పల్లెల్లో అద్దె కట్టలేని, అప్పు తీర్చలేని లక్షల కుటుంబాలకు చేరింది. శిబిరాల్లో మూడు పూటలా భోజనం దొరకడంతో మొదటి కొన్ని నెలల్లోనే చాలామంది నాలుగైదు కిలోల బరువు పెరిగారు. అంతకుముందు వాళ్లు ఎంత అర్ధాకలితో ఉన్నారో ఆ పెరుగుదలను బట్టి ఊహించుకోవచ్చు. సాయంత్రాల్లో చదువు నేర్పేవారు, దేశవ్యాప్తంగా వేలాది మంది అక్కడే మొదటిసారి చదవడం, రాయడం నేర్చుకున్నారు. ప్రభుత్వానికి ఒక్కో వ్యక్తి మీద ఏడాదికి దాదాపు వెయ్యి డాలర్లు ఖర్చయ్యేది. నగదు సాయం కన్నా ఇది ఎక్కువ ఖర్చని విమర్శించినవారు అప్పుడూ ఉన్నారు. ఆ లెక్కలో ఆరోగ్యం, చదువు, పని నైపుణ్యం, మిగిలిపోయిన పార్కు వీటికి విలువ కట్టకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

ఈ పథకం అందరిదీ కాకపోవడం మాత్రం దాచకూడని విషయం. అప్పటి కాంగ్రెసులో ఏకైక నల్లజాతి సభ్యుడైన ఆస్కార్ డి ప్రీస్ట్ పట్టుబట్టి, జాతి, వర్ణ, మత భేదం చూపరాదన్న నిబంధనను 1933 చట్టంలోనే చేర్పించాడు. అయినా ఎంపిక చేసే స్థానిక అధికారులు నల్లవారిని తరచు పక్కన పెట్టారు, 1935లో ఫెక్నర్ వేరువేరు శిబిరాలు తప్పనిసరి చేశాడు. నల్లవారి కంపెనీల సంఖ్య పక్కన ఒక అక్షరం చేర్చి గుర్తించేవారు, వారి శిబిరం రాకూడదని చాలా ఊళ్లు అర్జీలు పెట్టాయి. ఇన్ని అడ్డంకుల మధ్య రెండు లక్షలకు పైగా నల్లవారు సీసీసీలో పనిచేశారు. టెక్సస్‌లో పాలో డురో లోయ పార్కును కట్టినవారిలో వారి కంపెనీలు కూడా ఉన్నాయి. అయితే వారు కట్టినా కట్టకపోయినా, ఆ రాష్ట్రపు పార్కుల్లో తెల్లవారితో సమానంగా అడుగుపెట్టే హక్కు నల్లవారికి లేదు. సీసీసీ కట్టిన టైలర్ స్టేట్ పార్కులో ప్రవేశం కోసం అక్కడి నల్లవారు 1949లో కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. స్త్రీలకు సీసీసీలో ప్రవేశమే లేదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ చొరవతో న్యూయార్క్ బేర్ మౌంటెన్ దగ్గర మొదలైన వేరే శిబిరాలు 1937లో మూతపడేవరకు సుమారు 8,500 మంది స్త్రీలకు మాత్రమే చోటు ఇచ్చాయి. ప్రజాధనంతో కట్టిన ఆస్తి ఎవరిది అన్న ప్రశ్న తెగకుండా ఈ పార్కుల చరిత్ర పూర్తికాదు.

అడవి పరంగా చూసినా చర్చ ఉంది. సీసీసీ యువకులు దేశమంతటా మూడు వందల కోట్ల చెట్లు నాటారని అంచనా, ఆర్పిన కార్చిచ్చులకు లెక్కలేదు. అయితే ఒక ముఠా చేపల కోసం వాగును బాగుచేస్తుంటే, మరో ముఠా పక్కనే రోడ్డు కోసం గట్టు తవ్వి ఆ వాగులోకే బురద వదలడం వంటి వైరుధ్యాలను అటవీశాస్త్రవేత్త ఆల్డో లియొపోల్డ్ ఆ రోజుల్లోనే ఎత్తిచూపాడు. ప్రతి మంటనూ వెంటనే ఆర్పడమే అడవికి మేలన్న ఆనాటి నమ్మకం దీర్ఘకాలంలో ఎండుపుల్లలు, పొదలు పేరుకుపోవడానికి దారితీస్తుందని కూడా ఇప్పుడు తెలుసు. అది సీసీసీ ఒక్కదాని తప్పు కాదు, ఆనాటి అటవీ విధానమే అలాంటిది.

యుద్ధ పరిశ్రమలు పని కల్పించడం మొదలుపెట్టాక శిబిరాలు ఖాళీ అయ్యాయి, 1942 వేసవిలో కాంగ్రెసు నిధులు ఆపేసింది. టెక్సస్‌కు ముప్పైకి దగ్గరగా పార్కులు మిగిలాయి, వాటిని పోషించే ఏర్పాటు మాత్రం మిగల్లేదు. కట్టడానికి కూలీలను కేంద్రం ఇచ్చింది గానీ, కారే కప్పును బాగుచేయించడానికి డబ్బు రాష్ట్రమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాట దశాబ్దాల పాటు సాగింది. క్రీడా సామగ్రిపై వచ్చే అమ్మకపు పన్నును పార్కులకే కేటాయించాలన్న రాజ్యాంగ సవరణకు ఓటర్లు 2019లో ఆమోదం తెలిపారు.

బాస్ట్రాప్ పార్కును 1997లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. 2011 సెప్టెంబరు 4న తీవ్రమైన కరువు, ఈదురుగాలుల మధ్య చెట్లు విద్యుత్ తీగల మీద పడి మొదలైన కార్చిచ్చు ఆ జిల్లాలో 30 వేల ఎకరాలకు పైగా అడవిని, 1,600కు పైగా ఇళ్లను కాల్చింది. ఇద్దరు చనిపోయారు. పార్కు నేలలో దాదాపు 96 శాతం మంటల పాలైంది. సిబ్బంది కేబిన్ల చుట్టూ నిలబడి పోరాడడంతో సీసీసీ కట్టడాల్లో చాలా భాగం నిలిచింది. పారవేయాలనుకుంటూ టెక్సస్ అటవీ సంస్థ శీతలగిడ్డంగిలో ఉంచిన లాస్ట్ పైన్స్ విత్తనాలు ఆ తర్వాత నారు పెంచడానికి ఉపయోగపడ్డాయి. 2015 మే నెలలో కుండపోత వాన కురిసింది, చెట్లు కాలిపోయిన వాలుల మీదుగా నీరు ఆగకుండా దిగింది. పార్కు చెరువుకట్ట ఆ ఉధృతికి తెగింది. కూలీకి కొదవలేని రోజుల్లో మూడు నెలలు పట్టించి చేసిన పనిని ఈ రోజు టెండరు పిలిచి, రాతిపని తెలిసినవారిని వెతికి, మార్కెట్ ధర ఇచ్చి చేయించాలి. పార్కు మరమ్మతుల అసలు సమస్య అక్కడే ఉంది.